లెటర్ ఆగింది.. టీకా ఆగింది!

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను జపాన్ 2013 ఏప్రిల్‌లో ఆడపిల్లల రెగ్యులర్ టీకాల లిస్టులో చేర్చింది. వేయించుకున్న కొందరికి ఒళ్లునొప్పులు, నడవలేకపోతున్నారు అంటూ వార్తలొచ్చాయి. జూన్‌లోనే సర్కారు ‘వేయించుకోండి’ అని చెప్పడం మానేసింది. బ్యాన్ చేయలేదండోయ్! అడిగితే ఫ్రీగానే వేసేవాళ్లు. ఇళ్లకు లెటర్లు పంపడం ఆగిందంతే. 70 శాతం దాకా ఉన్న టీకాలు 1 శాతం కిందికి పడిపోయాయి.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో అయితే ఫీచర్ తీసేయలేదు, డిఫాల్ట్ మార్చారు. సర్కారే నోరు మెదపకపోతే ఏ అమ్మ ధైర్యం చేస్తుంది చెప్పండి?

తర్వాత నగోయాలో దాదాపు 30 వేల మందిని సర్వే చేస్తే ఆ లక్షణాలకూ టీకాకూ సంబంధం కనిపించలేదు. అయినా మళ్లీ గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది 2022 ఏప్రిల్‌లో! మిస్సయినవాళ్లకూ ఫ్రీగా వేస్తామన్నారు. కానీ 2013లో పన్నెండేళ్లున్న పాపకు అప్పటికి ఇరవై ఒకటి. ఈ టీకా బాగా పనిచేసేదేమో చిన్న వయసులో వేస్తేనే.