పరపతి పట్టికలోని మచ్చలు

సార్వా నాట్లకు ముందు కాకుమాను పరిసర గ్రామముల రైతులు బ్యాంకు గడప త్రొక్కుట యేటేటను జరుగు పనియే. కాలువ నీరు చివరి పొలములకు చేరునో చేరదో యను దిగులొకటి. ఎరువులకును కూలికిని చేతిలో రొక్కముండునో యుండదో యను దిగులు మరియొకటి. పూర్వము బ్యాంకువారు పాసుపుస్తకమును, పూచీదారును అడిగెడివారు. నేడు వానితోపాటు మూడంకెల సంఖ్యను గూడ చూచుచున్నారు. జనులు దానిని సిబిల్ స్కోరని వ్యవహరించుచున్నారు. ఆ సంఖ్య తగ్గినచో అప్పు పుట్టుట దుర్లభము. పుట్టినను వడ్డీ హెచ్చు. అంతట రైతు మరల ప్రామిసరీ నోటు వ్రాసి వడ్డీవ్యాపారి వాకిట నిలువవలసినదే. ఈ యవస్థను కనిపెట్టి, కొంత సొమ్మిచ్చినచో పట్టికలోని మచ్చలన్నియు తుడిపించెదమని చెప్పు దళారులు బయలుదేరినారు. వారి మాటలో నిజమెంత యను విషయము మన పాఠకులు విచారింపదగియున్నది.

2005 సంవత్సరపు చట్టము ననుసరించి రిజర్వుబ్యాంకు అనుమతితో నాలుగు సంస్థలు ఈ పట్టికలను నడుపుచున్నవి. అవి ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. బ్యాంకులు పంపు లెక్కలే వానికి ఆధారము. స్కోరు 300 మొదలు 900 వరకు నుండును. హెచ్చినకొలది పరపతి మెండు. ఈ సంఖ్య స్వతంత్రముగా నిలుచునది కాదు. పట్టికలోని పద్దులనుండి గణింపబడునది. పద్దు తొలగినచో గణన మారును. కావున మచ్చ తుడిచిన స్కోరు పెరుగునా యను ప్రశ్నకు ఆ మచ్చ యెట్టిది యను ప్రశ్నయే సమాధానము.

మచ్చలు మూడు తెఱగులు. మొదటిది అబద్ధపు మచ్చ. అప్పు తీర్చినను బాకీ యున్నట్లు చూపుట, ఒకే ఇంటిపేరును ఒకే పేరును గల ఇరువురిలో ఒకరి అప్పును వేరొకరి తలపై వేయుట ఇట్టివి. దీనిని తొలగింపించుట రైతు హక్కు. ఆ పద్దొక్కటియే దోషమైనచో స్కోరు బాగుగా పెరుగును. దానితోపాటు నిజమైన ఎగవేతలు వేరుగా నున్నచో పెరుగుదల స్వల్పము. నిన్నటి దోషము తూగినంతగా ఏండ్లనాటి దోషము తూగదు గనుక, పాతపద్దు తొలగుటవలన కలుగు లాభమును కొంచెమే.

రెండవది నిజమైన మచ్చ. దీనిని తుడుచుటకు ఏ దళారికిని అధికారము లేదు. అతడు చేయునదెల్ల ఆక్షేపణ దాఖలు చేయుటయే. బ్యాంకు లెక్క సరియేయని చెప్పినచో పద్దు నిలిచియే యుండును, రైతు సొమ్ము మాత్రము పోవును. ఈ సమాచారమును కనీసము ఏడేండ్లు భద్రపరుపవలెనని నిబంధన కలదు. బాకీలో కొంత తగ్గించుకొని రాజీపడినచో పట్టికలో ‘సెటిల్డ్’ అని పడును. పూర్తిగా చెల్లించిన ‘క్లోజ్డ్’ అని పడును. మొదటి మాట చదివిన బ్యాంకు అధికారి సంశయించును, రెండవ మాట చదివి నెమ్మదించును. రాజీకి సంతకము చేయుటకు ముందే ఈ భేదము నెఱుగుట మేలు. ఇట్టి మచ్చకు మందు కాలమును, వాయిదా తప్పని చెల్లింపును తప్ప మరియొకటి లేదు. మచ్చతోపాటు సక్రమముగా తీర్చిన పాత అప్పుల పద్దులను గూడ తీసివేయింపగోరుట అవివేకము. అవియే రైతుకు సాక్షులు.

మూడవది ప్రభుత్వము పెట్టిన మచ్చ. దీనినిగూర్చి పలుకువారు అరుదు. 1938లో మద్రాసు రైతు ఋణవిమోచన చట్టము పాతబాకీలపై పేరుకొన్న వడ్డీని కొట్టివేసినప్పుడు లెక్క అప్పులవానికిని షావుకారుకును నడుమనే తెమలినది. నేడట్లు కాదు. 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కుటుంబమునకు లక్షన్నర రూపాయల వరకు రుణమాఫీ ప్రకటించి, పెద్ద బాకీలకు సొమ్మును వాయిదాలపై నిచ్చుటకు పూనుకొన్నది. 2019లో ప్రభుత్వము మారిన పిమ్మట చివరి వాయిదాలు నిలిచిపోయినవి. మాఫీ యగునని నమ్మి చెల్లింపు మానిన రైతు బ్యాంకు లెక్కలో బాకీదారుడే. స్వల్పకాల పంటల అప్పు గడువు దాటి రెండు పంటకాలములు గడచినచో అది మొండిబాకీ యగును. పట్టికలోని యక్షరము నిజమే. కాని దోష మంతయు రైతుదే యనుట న్యాయమా? మాట ఇచ్చినవారొకరు, మచ్చ మోయువాడు మరియొకడు.

కావున మేము కోరునది స్పష్టము. రుణమాఫీ ప్రకటించు ఏ ప్రభుత్వమైనను బ్యాంకులకు సొమ్ము చెల్లించుటతో తన పని ముగిసినదని తలపరాదు. సొమ్ము నిర్ణీతకాలమున చెల్లించుటయు, పద్దులు సరిదిద్దబడినవని రైతుచేతికి పత్రమిప్పించుటయు పథకములో భాగములు కావలెను. బ్యాంకులును బాకీ లేదను ధ్రువపత్రముతోపాటు సవరించిన పద్దును చూపవలెను.

అంతవరకును ఉన్న హక్కులను వినియోగించుకొందము. 2017 నుండి ప్రతి సంస్థయు ఏడాదికొకసారి పూర్తి రిపోర్టును ఉచితముగా నీయవలెను. తప్పుపై ఫిర్యాదుచేసిన 30 దినములలో పరిష్కరింపవలెను. జాగుచేసినచో దినమునకు 100 రూపాయల పరిహార మీయవలెనని 2023 అక్టోబరులో రిజర్వుబ్యాంకు శాసించినది. అప్పటికిని న్యాయము జరుగనిచో రిజర్వుబ్యాంకు అంబుడ్స్‌మన్‌కు మొరపెట్టుకొనవచ్చును. ఇందులకు రుసుము లేదు. దళారి యవసరము అంతకన్న లేదు.

బ్యాంకులు ఇప్పుడు తఱచుగా లెక్కలు పంపవలసియున్నవి గనుక, సరిదిద్దిన పద్దు స్కోరులో కనబడుటకు చిరకాలము పట్టదు. ఐనను రిపోర్టు ఆంగ్లమున నుండుటచే మన రైతులలో అనేకులకు అది మూసిన పుస్తకమే. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములలోని విద్యావంతులు సెలవులకు స్వగ్రామమునకు పోయినప్పుడు పొరుగువాని రిపోర్టును చదివిపెట్టి, తప్పుపద్దు క్రింద గీత గీచి, ఫిర్యాదు వ్రాసిపెట్టినచో అంతకుమించిన గ్రామసేవ యుండదు. తాతల నాడు పల్లెలో మాటయే పరపతి. నేడు పరపతి ఎక్కడనో యొక యంత్రములో వ్రాయబడుచున్నది. వ్రాయువారు పరులైనను, అందులో వ్రాయబడినది నిజమో కాదో చూచుకొను బాధ్యత మనదియే.