కూలిన సైనిక విమానాల నివేదికలు బయటపెట్టాలి

2022 జూలై 28 రాత్రి 9 దాటాక రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ జిల్లాలో రెండు సీట్ల మిగ్-21 శిక్షణ విమానం కూలి వింగ్ కమాండర్ ఎం. రాణా, ఫ్లైట్ లెఫ్టినెంట్ అద్వితీయ బల్ చనిపోయారు. అంతకు ముందు ఏడాది మే నెలలో పంజాబ్‌లోని మోగా దగ్గర, రాత్రి శిక్షణలోనే, స్క్వాడ్రన్ లీడర్ అభినవ్ చౌధరిని పోగొట్టుకున్నాం. 2015 మార్చి 24 రాత్రి గోవా సముద్రంలో నౌకాదళ డోర్నియర్ విమానం పడిపోయి లెఫ్టినెంట్ కిరణ్ షెఖావత్, లెఫ్టినెంట్ అభినవ్ నాగోరి బలయ్యారు. సైనిక విమానం కూలిన ప్రతిసారీ కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ అనే సైనిక విచారణ వేస్తారు. నివేదిక ప్రచురించే ఆనవాయితీ మాత్రం లేదు. అది మారాలి.

ఒకవైపు బీదర్, మరోవైపు దుండిగల్, హకీంపేట శిక్షణ కేంద్రాలున్న పరిగి, వికారాబాద్, తాండూరు జనానికి ఇది పరాయి విషయం కాదు. 2019 అక్టోబర్ 6న బంట్వారం మండలం సుల్తాన్‌పూర్‌లో బేగంపేట నుంచి వచ్చిన చిన్న శిక్షణ విమానం కూలి ఇద్దరు శిక్షణార్థులు చనిపోయారు. అది పౌర విమానం కాబట్టి విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ, ఏఏఐబీ, పరిధిలోకి వచ్చింది. ఆ సంస్థ తన నివేదికలను అందరూ చదివేలా పెడుతుంది. 2023 డిసెంబర్ 4న తూప్రాన్ దగ్గర కూలిన పిలాటస్ శిక్షణ విమానం వైమానిక దళానిది. అందులోనూ ఇద్దరే పోయారు, ఒక శిక్షకుడు, ఒక క్యాడెట్. దానికి ఏఏఐబీ పద్ధతి వర్తించదు. అదే ఏడాది మే 8న రాజస్థాన్‌లోని హనుమాన్‌గఢ్‌లో మిగ్-21 ఇళ్లమీద పడి ముగ్గురు మహిళలు చనిపోయారు. కింద బతికేవాళ్లకూ కారణం తెలుసుకునే హక్కుంది.

రాత్రి ఎగరడంలో ఉన్న ప్రమాదం ప్రత్యేకమైనది. చీకట్లో నింగీ నేలా కలిసే గీత కనిపించదు. లోచెవిలోని ద్రవం మలుపును పసిగడుతుంది. కానీ మలుపు ఒకే తీరున కొంతసేపు సాగితే ఆ ద్రవం కుదురుకుంటుంది, విమానం తిన్నగా పోతున్నట్టే అనిపిస్తుంది. పైలట్ నిజంగా తిన్నగా చేసిన క్షణాన ఎదురుపక్కకు ఒరిగినట్టు తోస్తుంది. దాన్ని సరిదిద్దబోయి మళ్లీ పాత మలుపులోకే దింపేస్తాడు. ఈ భ్రమ ఎంత అనుభవజ్ఞుడినైనా వదలదు. శరీరం చెప్పేది కాదని మీటర్లు చెప్పేది నమ్మడం సాధనతోనే వస్తుంది. 2017-22 మధ్య 34 వైమానిక దళ ప్రమాదాలు జరిగాయని పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం ముందుంచిన పట్టికలో, చాలాచోట్ల కారణం ‘మానవ తప్పిదం’ అనే ఉంది. చనిపోయిన పైలట్ మీద తప్పు వేసి ఊరుకుంటే ఎలా? రాత్రి సాధన గంటలు సరిపోయాయా, సిమ్యులేటర్ దొరికిందా, అలసట ఉందా, పాత విమానాన్ని అలాగే నడిపించారా? ఇవన్నీ ఆ రెండు మాటల వెనకే మరుగున పడిపోతాయి.

రాత్రి శిక్షణ ఆపేయాలని నేననడం లేదు, అది అవసరమే. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ దాడులు జరిగింది అర్ధరాత్రి దాటాకే. నివేదికలు బయటపెడితే రహస్యాలు శత్రువుకు చిక్కుతాయన్నది బరువైన అభ్యంతరమే. అయినా ఆయుధాల, వ్యూహాల వివరాలు తీసేసి సారాంశం ఇవ్వవచ్చు. జనరల్ బిపిన్ రావత్‌తో పాటు అప్పటి చిత్తూరు జిల్లాకు చెందిన మన తెలుగు బిడ్డ సాయితేజ ప్రాణాలు తీసిన కూనూరు హెలికాప్టర్ ప్రమాదంలో, మబ్బుల్లో చిక్కి పైలట్ దిశ కోల్పోయాడని 2022 జనవరిలో వైమానిక దళమే ప్రకటించింది. దేశ భద్రతకు దానివల్ల ఏ నష్టమూ రాలేదు. నివేదిక బయటికొస్తుందంటే సిబ్బంది నిజం చెప్పరన్న వాదనకూ దారి ఉంది. అమెరికా వైమానిక దళం రెండు విచారణలు జరుపుతుంది. భద్రత కోసం చేసేది గోప్యంగా ఉంటుంది, రెండోది ప్రజలకు ఇస్తుంది. మనమూ అలా చేయవచ్చు. పరిగి, వికారాబాద్, తాండూరు ఓటర్లు ఎన్నుకున్న చేవెళ్ల ఎంపీ తూప్రాన్ నివేదిక సారాంశం బయటపెట్టమని వచ్చే సమావేశాల్లోనే లోక్‌సభలో అడగాలి.