నక్షత్రం ఉంటే లక్షలా?

గుంటూరు మిర్చి యార్డు దగ్గర టీ కొట్టులో చిల్లర చేతికి రాగానే కొందరు సంవత్సరం కింద చూస్తారు. నక్షత్రం కనబడితే తప్పుగా పడ్డ నాణెమని సంబరపడతారు. అది లోపం కాదు, హైదరాబాద్ మింట్ గుర్తు. ముంబైది వజ్రం, నోయిడాది చుక్క, కోల్‌కతాకు గుర్తే ఉండదు.

అసలు లోపం అచ్చులోనే తెలుస్తుంది. బొమ్మ ఒక పక్కకు జరిగి, రెండో పక్క ఖాళీ లోహం నెలవంకలా మిగులుతుంది. ఎంత జరిగితే అంత గిరాకీ. అరుగుదలకూ సుత్తిదెబ్బకూ విలువ లేదు. చింతపండుతో తోమితే ఉన్న విలువా పోతుంది.

తన పేరు చెప్పి పాత నాణేలకు కమీషన్ అడిగేవారిని నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. పత్తి, మిర్చి అమ్ముకున్న రైతు డబ్బు వాళ్ల పాలు కాకూడదు. ముందే రుసుం కట్టమంటే ఫోన్ పెట్టేయండి.