పుండును ఎండబెట్టడం వైద్యమేనా?

పిల్లవాడు ఆటలో పడి మోకాలు చెక్కుకుపోయి ఇంటికి వస్తే, పెద్దల నోట వెంటనే వెలువడే మాట ఒకటున్నది: "కట్టు కట్టకండి, గాలి తగలనివ్వండి, తొందరగా ఎండిపోతుంది." ఈ మాటను నేనూ ఎన్నో ఏండ్లు నమ్మాను, ఆచరించాను. ఆ ఆచరణ మా అమ్మగారిని ఎంతగా బాధించిందో గ్రహించిన తరువాతనే ఈ నాలుగు మాటలు వ్రాయడానికి పూనుకున్నాను.

కొన్నేండ్ల క్రిందట ఆమె పెరటి మెట్ల మీద జారి పడగా, మోకాలి క్రింద అరచేయంత మేర చర్మం లేచిపోయింది. ధనుర్వాతం రాకుండా సూదిమందు వేయించాము. తరువాతి శుశ్రూష నా వంతు. పగలంతా గాయాన్ని తెరచి ఉంచి, పొడిమందు చల్లి, రాత్రి దుప్పటి తగలకుండా పొడి గాజుగుడ్డ చుట్టేవాణ్ణి. తెల్లవారేసరికి అది పుండుకు అతుక్కుపోయేది. లాగితే మళ్ళీ నెత్తురు. "ఈ ఒక్క రోజుకు వదిలెయ్యి నాయనా" అని ఆమె బ్రతిమాలేది. "మానాలంటే ఓర్చుకోవాలమ్మా" అని నేను నీతి చెప్పేవాణ్ణి. ఆ గుడ్డతోపాటు, రాత్రంతా ఆమె శరీరం అల్లుకున్న లేత చర్మాన్ని కూడా ఊడబెరుకుతున్నానని అప్పుడు నాకు తెలియదు.

1962లో జార్జి వింటర్ అనే శాస్త్రజ్ఞుడు పందుల చర్మం మీద పైపై గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలి, కొన్నింటిని పాలిథిన్ పొరతో కప్పి పరిశీలించాడు. కప్పిన గాయాల మీద క్రొత్త చర్మపు పొర దాదాపు రెట్టింపు వేగంతో పరచుకున్నది. ఆ ఫలితాలు 'నేచర్' పత్రికలో వెలువడినాయి. 1963లో హిన్‌మన్, మైబాక్ అనే ఇద్దరు మనుష్యుల చర్మం మీద పరీక్షించి, అటువంటి ఫలితాన్నే ప్రకటించారు.

కారణం సులభగ్రాహ్యమే. గాయపు అంచుల నుండి, వెంట్రుకల కుదుళ్ళ నుండి చర్మకణాలు మెల్లగా ప్రాకి గాయాన్ని పూడుస్తాయి. ఉపరితలం చెమ్మగా ఉంటే అవి నేరుగా సాగిపోతాయి. ఎండి పక్కు కట్టితే, ఆ పక్కు క్రింద దారి తొలుచుకుంటూ పోవలసి వస్తుంది. గాయంలో ఊరే ద్రవంలో కణాల పెరుగుదలకు తోడ్పడే పదార్థాలుంటాయి. ఎండబెట్టితే ఆ మేలు కోల్పోతాము.

"ఇది పాశ్చాత్యుల మాట, మన శాస్త్రం ఏమంటుంది?" అని పాఠకులు అడుగవచ్చు. సుశ్రుత సంహిత సూత్రస్థానం 18వ అధ్యాయాన్ని చూడండి. కట్టు కట్టని వ్రణాన్ని ఈగలు, దోమలు, దుమ్ము, చలి, గాలి, ఎండ పీడిస్తాయని, పైపూతలు ఎండిపోతాయని సుశ్రుతుడు హెచ్చరించాడు. ఎండిన లేపం నిష్ప్రయోజనమనీ, నొప్పిని కలిగిస్తుందనీ అన్నాడు. 14 రకాల కట్లను వర్ణించాడు. కట్టు కట్టకూడని వ్రణాలను కూడా వేరుగా పేర్కొన్నాడు. కాబట్టి "గాలికి వదలడమే మన సంప్రదాయం" అనడం ఆ గ్రంథానికి అన్యాయం చేయడమే.

అయితే చెమ్మ వేరు, తడి వేరు. గాయం చుట్టూ చర్మం తెల్లగా నాని ముడతలు పడితే తడి ఎక్కువైనదని అర్థం. చిన్న గీరుడు గాయమైతే శుభ్రమైన కుళాయి నీటి ధార క్రింద మట్టి పోయేలా కడిగి, పలుచగా వాసెలిన్ వ్రాసి, అతుక్కోని గాజుగుడ్డతో కప్పండి. రోజుకొకసారి, లేదా కట్టు తడిసినా మాసినా మార్చండి. అతుక్కుంటే లాగకండి, శుభ్రమైన నీటితో నానబెట్టి తీయండి. పసుపు, కాఫీపొడి, సున్నం అద్దకండి. వంటింటి తేనె కూడా వద్దు. వైద్యులు వాడే తేనె గామా కిరణాలతో శుద్ధి చేసినది, మన సీసాలోనిది కాదు.

ఈ పద్ధతి అన్ని గాయాలకూ వర్తించదు. కుక్క కరిస్తే సబ్బునీటితో 15 నిమిషాలు కడిగి, కట్టు కట్టకుండా వెంటనే టీకాకు వెళ్ళాలి. మధుమేహం ఉన్నవారి కాలి పుండు ఎంత చిన్నదైనా వైద్యునికి చూపించాలి. రక్తప్రసరణ లేక నల్లగా ఎండిన వ్రేలిని ఇంట్లో తడపడం ప్రమాదకరం. ఎరుపు ప్రాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా గృహవైద్యం అక్కడితో ఆపాలి.

ఇటీవల మా మనుమడు సైకిలు మీద నుండి పడి మోచేయి చెక్కుకుపోయి వచ్చాడు. పైన చెప్పిన విధంగానే కట్టాను. అమ్మగారు ప్రక్కనే కూర్చుండి చూస్తున్నారు. మరునాడు కట్టు విప్పినప్పుడు వాడు కిక్కురుమనలేదు. ఆమె నా వైపు చూచి, "అప్పుడు నీకు ఇది తెలియదు కదా నాయనా" అన్నారు. ఆమె క్షమించారు. కానీ ఇప్పుడు తెలిసినవాళ్ళం మనం. ఇకనైనా ఎండిన గుడ్డను లాగే చేతిని ఆపుదాం.