తరగతిలో బూతుల విషయమై వినతిపత్రం

గౌరవనీయులైన జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

మా మండలంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులం చేసుకునే విన్నపం.

అయ్యా,

మొన్న ఫిబ్రవరిలో, మధ్యాహ్న భోజనం అయ్యాక మొదటి పీరియడ్. ఎనిమిదో తరగతికి తెలుగు చెప్పే మా టీచరు నోటుపుస్తకాలు దిద్దుతూ, పుస్తకం తేని పిల్లవాణ్ణి లేచి నిలబడమన్నారు. వాడు లేవలేదు. అమ్మను కలిపి ఒక బూతుమాట అన్నాడు. గొణగలేదు, అందరికీ వినపడేలా అన్నాడు. వెనక బెంచీలో నవ్వులు. ముందు బెంచీలోని ముగ్గురు ఆడపిల్లలు తల దించుకున్నవాళ్లు గంట కొట్టేదాకా ఎత్తలేదు. టీచరు పాఠం ముగించి, తర్వాత వాణ్ణి వేపచెట్టు కిందికి పిలిచి అడిగితే, “మా నాయన మా అమ్మను దినామూ అట్లే అంటాడు టీచర్” అన్నాడు.

మేము బెత్తం తిరిగి ఇమ్మని అడగడం లేదు. పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు నొప్పించి వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. అది మంచిదే. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బడి నుంచి పంపించెయ్యకూడదని 16వ సెక్షన్ చెబుతుంది. అదీ న్యాయమే, టీసీ చేతిలో పెడితే వాడు నేరుగా కూలికి పోతాడు. కానీ ఏం చేయకూడదో ఇంత స్పష్టంగా ఉన్నా, ఆ నిమిషంలో ఏం చేయాలో మాకు ఎవరూ చెప్పలేదు. 2025 మార్చిలో విజయనగరం జిల్లాలో ఒక ప్రధానోపాధ్యాయుడు పిల్లల్ని దండించలేక, వాళ్ల ఎదుట తానే గుంజీలు తీసిన వీడియో బయటికొచ్చింది. చాలామంది మెచ్చుకున్నారు. మాకు మాత్రం ఆ వీడియోలో, ఇంక చేసేదేమీ మిగలని మనిషి కనిపించాడు.

కాబట్టి బూతు వినపడిన రోజే టీచరు ఏం చేయాలి, హెచ్‌ఎం ఏం చేయాలి, ఇంటికి కబురు ఎవరు పంపాలి అన్నది ఒక్క పేజీలో రాసి ప్రతి బడికీ ఇవ్వండి. ఎవరైనా మా మీద ఫిర్యాదు చేస్తే, మా మాట కూడా విన్నాకే మెమో ఇవ్వండి.

సీబీఎస్‌ఈ బడుల్లో కౌన్సెలర్ ఉండాలన్న నిబంధన ఉంది. మా పిల్లలకు ఆ అవసరం ఇంకా ఎక్కువ. మండలానికి ఒకరినైనా వేసి, వారానికి ఒక రోజు ఒక్కో బడికి వచ్చేలా చూడండి. వారు ఆ అబ్బాయితోనే కాదు, తల దించుకున్న ఆ ముగ్గురితోనూ మాట్లాడాలి. మన బూతుల్లో చాలావరకు అమ్మనూ అక్కనూ చెల్లెల్నీ తిట్టేవే. విన్న ప్రతిసారీ దెబ్బ తగిలేది ఆడపిల్లలకు. వాళ్లను ఇంతవరకూ ఎవరూ పలకరించలేదు.

2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతటా తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. ఇకమీద జరిగేవాటిలో అరగంట ఈ ఒక్క విషయానికే కేటాయించాలి. తండ్రులను పేరుపేరునా పిలవాలి. ఇంట్లో పుట్టిన మాట ఇంట్లో ఆగకపోతే బడిలో ఆగదు.

యాప్‌లో హాజరూ భోజనాల లెక్కలూ ఎక్కించే పని వేరొకరికి అప్పగిస్తే, చెట్టు కింద కూర్చుని మాట్లాడే ఆ పది నిమిషాలు మాకు దొరుకుతాయి.

మా వైపు నుంచి ఒక మాట ఇస్తున్నాం. ‘గాడిదా’, ‘దున్నపోతా’ అని మేమూ పిలుస్తూనే ఉన్నాం. వచ్చే ఏడాది నుంచి మా బడుల్లో ప్రతి పిల్లవాణ్ణీ పేరు పెట్టే పిలుస్తాం.

జూన్‌లో బడులు తెరిచేలోగా రాతపూర్వకంగా జవాబు ఇప్పించాలని కోరుతున్నాం.

ఇట్లు,
మండల ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు