నడిస్తే పుట్టే బిజిలీ

సింగ్ నగర్‌లో మా ఖాలా ఇల్లు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు సైలాబ్ వచ్చినప్పుడు కింది వాటా మునిగింది, కరెంటు పోయింది, రెండో రోజుకి ఫోన్ చచ్చిపోయింది. మిద్దె మీద వాళ్ళు ఎలా ఉన్నారో తెలీక మా అమ్మీ జానమాజ్ మీద నుంచి లేవలేదు. తర్వాత ఖాలా అంది: "తిండి కంటే ముందు ఆ ఫోన్‌కి కాస్త బిజిలీ దొరికితే చాలనిపించింది బేటా."

అందుకే, కదిలితే కరెంటు పుట్టించే బట్టలు, బూట్లు వచ్చేస్తున్నాయని వాట్సాప్‌లో చూసినప్పుడల్లా నా మనసు ఆ మిద్దె మీదికే పోతుంది. ఖబర్ ఝూట్ కాదు. 2017లో అమెరికాలోని క్లెమ్సన్ యూనివర్సిటీలో అప్పారావు, రామకృష్ణ పొదిల (పేర్లు వింటేనే మనవాళ్ళనిపిస్తుంది) బృందం ప్లాస్టిక్, టేపులతో ఒక చిన్న పరికరం చేసింది. రెండు పొరలు తాకి విడిపోతుంటే కరెంటు పుడుతుంది. తల దువ్విన దువ్వెన కాగితం ముక్కల్ని లాగుతుందే, అదే కిస్సా. తర్వాతి నమూనా 3000 వోల్టుల దాకా ఇచ్చింది.

మూడు వేలు! అని వాహ్ వాహ్ అనేస్తాం. గలత్‌ఫహమీ అక్కడే. వోల్టులు వేరు, తాకత్ వేరు. ఒంటి మీది ఇలాంటి పరికరాలిచ్చేది మిల్లీవాట్ల లెక్క, చాలాసార్లు అంతకంటే తక్కువే. ఫోన్ నిండటానికి సుమారు 15 వాట్-గంటలు కావాలి. ఒక్క మిల్లీవాట్ చొప్పున హిసాబ్ వేయండి: 15,000 గంటలు. ఖాలా ఆ మిద్దె మీద ఇరవై నెలలు ఆగకుండా నడవాలన్నమాట.

చిన్న పనికైతే బేషుగ్గా సరిపోతుంది. మామూ దుబాయ్ నుంచి తెచ్చిన సీకో కైనెటిక్ వాచీ ఇప్పటికీ నడుస్తోంది. 1988లో మొదలైన ఆ రకంలో చెయ్యి ఊగితే లోపలి బరువు తిరిగి బుల్లి జనరేటర్‌ని తిప్పుతుంది. పెద్దవాళ్ళు పడిపోతే ఇంటికి ఖబర్ పంపే పట్టీ ఇలా నడిస్తే అమ్మీకి ముందు నేనే కొంటాను. ఛార్జింగ్ పెట్టడం ఆవిడకి ఏనాడూ గుర్తుండదు.

సైలాబ్‌కి మాత్రం నాకు అబ్బా సైకిల్ డైనమోయే గుర్తొస్తుంది. ఆరు వోల్టులు, మూడు వాట్లు. మగ్రిబ్ తర్వాత బందరు కాలవ గట్టు మీద వస్తూ దాన్ని టైరుకి ఆనించగానే పెడల్ బరువెక్కేది. "వెలుగు ముఫ్త్‌గా వస్తుందనుకున్నావా?" అనేవారు. సైకిల్‌కి స్టాండు వేసి, మధ్యలో ఐదు వోల్టులకి మార్చే చిన్న సర్క్యూట్ పెడితే, ఒక్క కాల్‌కి పావుగంట మెహనత్ చాలు. పవర్ బ్యాంక్ ఉందిగా అంటారు. ఉంది, అది ఖాళీ అయ్యేదాకా.

మా మొహల్లా మస్జిద్ మిద్దె మీద ఇలాంటిదొకటి పెడదామని కమిటీలో అడిగాను. పాత సైకిల్ ఇస్తామని ఇద్దరు ముందుకొచ్చారు. డైనమో ఎక్కడ దొరుకుతుందో వెతుకుతున్నాం.