తుడిచేసిన ఫోటోలు తిరిగొస్తాయి... తొందరపడకపోతే!

ఒకప్పుడు ఇంటి ఫోటోలంటే బీరువాలో పట్టుచీరల కింద దాచుకున్న ఆల్బమే. అంచు చిరిగితే అతికించుకునేవాళ్ళం, చెమ్మ తగిలితే కాసేపు ఆరబెట్టుకునేవాళ్ళం. ఇప్పుడో? అమ్మాయి పెళ్ళి, మనవడి అన్నప్రాశన, ఇప్పుడు మన మధ్య లేని మామగారి షష్టిపూర్తి... అన్నీ కంప్యూటర్లోనే. చెయ్యి జారి ఒక్క బటన్ నొక్కితే చాలు, అంతా మాయం! అప్పుడు కాళ్ళూ చేతులూ ఆడవు. నిజానికి ఆ నొక్కడం వల్ల జరిగే నష్టం కన్నా, ఆ తర్వాత కంగారులో మనం చేసే పనుల వల్ల జరిగేదే ఎక్కువ. అందుకే ఈ వారం ఆ సంగతే చెప్పుకుందాం.

డబ్బు కట్టక్కర్లేదనో, పాత కంప్యూటర్‌కి తేలిగ్గా ఉంటుందనో కొందరు విండోస్ బదులు లినక్స్ వేయించుకుంటున్నారు కదా. ఈ వారం చెప్పేది వాళ్ళ కోసం. ఫిన్లాండ్‌లో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ అనే కుర్రవాడు 1991లో మొదలుపెట్టిన పని ఇది. దీని లోపలి రాత దాపరికం లేకుండా అందరికీ తెరిచే ఉంటుంది. ఉబుంటు, మింట్ అని మీరు వినే పేర్లు దీని రకాలే. పోయిన ఫైళ్ళను వెతికే సాధనాలు కూడా దీనికి ఉచితంగానే దొరుకుతాయి.

ముందు చెత్తబుట్ట చూడండి

ఫోటో మీద ఉంచి డిలీట్ బటన్ నొక్కితే అది ఒక్కసారిగా పోదు. ట్రాష్ అనే చెత్తబుట్టలో పడుతుంది. అది తెరిచి, ఫోటో మీద రైట్ క్లిక్ చేసి, రిస్టోర్ అంటే చాలు, మళ్ళీ తన చోటికే వెళ్ళి కూర్చుంటుంది. పెన్‌డ్రైవ్‌లో తుడిచినవి కూడా చాలాసార్లు ఆ పెన్‌డ్రైవ్‌లోనే, చుక్కతో మొదలయ్యే ట్రాష్ అనే ఫోల్డర్‌లో దాక్కుని ఉంటాయి. కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే బయటపడతాయి. "అన్నీ తీసేశాను, అయినా పెన్‌డ్రైవ్ నిండే ఉందేమిటి!" అని ఆశ్చర్యపోతుంటారే, కారణం ఇదే.

షిఫ్ట్ కూడా పట్టుకుని డిలీట్ నొక్కినా, చెత్తబుట్టనే ఖాళీ చేసినా, టెర్మినల్‌లో ఆజ్ఞ ఇచ్చి తుడిచినా మాత్రం ఈ దారి ఉండదు. అప్పుడు వేరే ఉపాయం.

పోయింది చీటీయే, సరుకు కాదు

మన వంటింట్లో ఒకే రంగు డబ్బాలు వరసగా ఉన్నాయనుకోండి. ఏ డబ్బాలో ఏముందో ఒక పుస్తకంలో రాసి పెట్టుకున్నాం. కంప్యూటర్ డిస్కు కూడా అలాంటిదే. ఫైలు తుడిచెయ్యమంటే కంప్యూటర్ డబ్బాలు ఒలకబొయ్యదు. పుస్తకంలో ఆ పేరు కొట్టేసి, "ఈ డబ్బాలు ఇక ఖాళీ" అని రాసుకుంటుందంతే. సరుకు లోపలే ఉంటుంది. మళ్ళీ కొత్త సరుకు వచ్చి, ఆ డబ్బాలోనే పోసినప్పుడు మాత్రం పాతది నిజంగా పోతుంది.

అయితే ఒక చిక్కుంది. ఇప్పుడు ఉబుంటు, మింట్‌లలో మామూలుగా వాడే పద్ధతి పేరు ఎక్స్‌ట్4. ఇది పేరు కొట్టేయడంతో ఆగక, ఆ ఫైలు ఏయే డబ్బాల్లో ఉందో చెప్పే వివరాన్ని కూడా చెరిపేస్తుంది. అందువల్ల పేరుతో సహా తిరిగి రావడం కష్టం. పెన్‌డ్రైవ్‌లు, కెమెరా కార్డుల పద్ధతి ఇంకొంచెం నయం. వాటిలో పేరులోని మొదటి అక్షరం మాత్రమే పోయి, మిగతాదంతా దొరకడం కద్దు.

వెంటనే చెయ్యవలసిన పని... ఏమీ చెయ్యకపోవడం

1. ఇక ఆ కంప్యూటర్లో కొత్తగా ఏదీ సేవ్ చెయ్యకండి. ఇంటర్నెట్ చూస్తున్నా సరే, అది లోపల్లోపల ఏదో ఒకటి రాసుకుంటూనే ఉంటుంది.
2. పోయింది పెన్‌డ్రైవ్‌లోనో కార్డులోనో అయితే ఎజెక్ట్ చేసి బయటికి తియ్యండి. కంప్యూటర్లోనే అయితే దాన్ని ఆపేయండి.
3. వెతికే సాధనాన్ని, ఫోటోలు పోయిన ఆ డిస్కులోనే ఇన్‌స్టాల్ చెయ్యకండి. మందు వెయ్యబోయి విషం వేసినట్టవుతుంది.
4. షాపుకు తీసుకెళ్తే "ఫార్మాట్ చేసి కొత్తగా వేసిస్తాం" అనొచ్చు. ఒప్పుకోకండి.

వెతికే విధానం

ఇంట్లో కంప్యూటర్ తెలిసిన పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. మరో కంప్యూటర్లో ఉబుంటు పెన్‌డ్రైవ్ ఒకటి తయారు చేయించండి. మన కంప్యూటర్‌ని ఆ పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేస్తే, ట్రై అనీ ఇన్‌స్టాల్ అనీ రెండు దారులు చూపిస్తుంది. ట్రై అన్నదే ఎంచుకోవాలి సుమా! ఇన్‌స్టాల్ అన్నారా, ఉన్నదీ ఊడుతుంది.

తర్వాత టెస్ట్‌డిస్క్ అనే పేకేజీ వేసుకోండి. పెన్‌డ్రైవ్‌తో నడుస్తున్నప్పుడు ఇది డిస్కులో కాక మెమరీలోకి చేరుతుంది, కాబట్టి ప్రమాదం లేదు. దీనితోపాటే ఫోటోరెక్ అనే సాధనం కూడా వస్తుంది. రెండింటినీ రాసినాయన క్రిస్టఫ్ గ్రెనియే అనే ఫ్రెంచి దేశస్థుడు. ఫోటోరెక్ జాబితా పుస్తకం జోలికే పోదు. ఒక్కొక్క డబ్బా మూత తీసి వాసన చూస్తుంది! మిరప్పొడి ఘాటు మనకి తెలిసినట్టే, ప్రతి రకం ఫైలు మొదట్లో ఉండే గుర్తు దానికి తెలుసు. ఫోటోలే కాదు, వీడియోలు, మీరు రాసుకున్న వంటల ఫైళ్ళు కూడా పోల్చుకుంటుంది.

మీ డిస్కు ఎంచుకుని, ఫైలు రకాల్లో మీక్కావలసినవే ఉంచి, ఫ్రీ అనే ఎంపికతో ఖాళీ చోటు మాత్రమే వెతకమనండి. దొరికినవి దాచడానికి వేరే హార్డ్‌డిస్క్ తగిలించండి, అదే డిస్కులో దాచకూడదు. పెద్ద డిస్కయితే గంటల తరబడి పడుతుంది, ఓపిక పట్టాలి. వచ్చిన ఫోటోలకి పాత పేర్లుండవు, ఏవో అంకెలుంటాయి. కొన్ని సగమే తెరుచుకోవచ్చు. తీరిగ్గా కూర్చుని ఏరుకోవాలి, బియ్యంలో రాళ్ళేరినట్టు.

ఆశ పెట్టుకోకూడని చోట్లు

కొత్త లాప్‌టాప్‌లలో తిరిగే డిస్కు బదులు ఎస్ఎస్‌డి ఉంటోంది. అది వేగం కోసం, ఖాళీ అని రాసిన డబ్బాలను ఎప్పటికప్పుడు కడిగి బోర్లిస్తుంది. ఉబుంటు వారానికోసారి ఈ పని తనంతట తానే చేయిస్తుంది. అది జరిగిపోయాక మామూలుగా ఏ సాధనమూ తేలేదు. అందుకే ఎస్ఎస్‌డి అయితే మరీ త్వరగా ఆపేయాలి. ఇక డిస్కు టకటకమని శబ్దం చేస్తుంటే సొంత వైద్యం వద్దు. అది యంత్రం జబ్బు, నిపుణులకే చూపించాలి.

ముందు జాగ్రత్త

ఏడాది పొడుగునా తినే ఆవకాయని మనం ఒక్క జాడీలోనే పెట్టుకుంటామా? ఫోటోలూ అంతే. మూడు నకళ్ళు, రెండు రకాల వస్తువుల మీద, అందులో ఒకటి వేరే ఇంట్లో... ఇదీ లెక్క. పుట్టింట్లో ఒక హార్డ్‌డిస్క్ ఉంచితే సరిపోయె! డేజా డూప్ అనే ఉచిత సాధనం వారం వారం నకలు తీసి పెడుతుంది. టైమ్‌షిఫ్ట్ ఉంది కదా అని ధీమా పడకండి. అది కంప్యూటర్ వ్యవస్థను కాపాడేదే గాని, మనం మార్చి చెబితే తప్ప ఇంటి ఫోటోల జోలికి రాదు.

ఇక ఆఖరి మాట, ఆడవాళ్ళం మరీ గుర్తుంచుకోవలసింది. తుడిచినవి మనకి తిరిగొస్తాయంటే, పరాయివాళ్ళకీ వస్తాయన్నమాటే. పాత కంప్యూటర్ అమ్మేముందు, పెన్‌డ్రైవ్ ఎవరికైనా ఇచ్చేముందు ఉత్త డిలీట్ సరిపోదు. ఉబుంటులోని డిస్క్స్ అనే సాధనంలో ఫార్మాట్ చేసేటప్పుడు, పాతదాని మీద సున్నాలు నింపే ఎంపిక ఉంటుంది. తిరిగే డిస్కుకి అది వాడండి. ఆలస్యమైనా ఫరవాలేదు, మన ఇంటి పరువు కన్నా ఎక్కువా? ఎస్ఎస్‌డి అయితే దాన్ని తయారుచేసిన కంపెనీ చెప్పిన పద్ధతిలోనే చెరిపించండి. ఆ సందేహం తీరనప్పుడు డిస్కు తీసి ఇంట్లోనే ఉంచుకుని, కంప్యూటర్ మాత్రం అమ్మండి.